మెరవణి కారు తాగిన నీళ్లు

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు బస్సు డ్రైవరు చెప్పాడు. నేను పాఠాలు చెప్పే బడి రోడ్డు పక్కనే ఉంటుంది. ఎప్పుడూ హారను కొట్టుకుంటూ, దుమ్ము లేపుకుంటూ పోయే బస్సు ఆ పొద్దు బడి ముందర మెల్లగా ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, తెల్లారుజామున మీ చిన్నాయన పోయినాడమ్మా" అన్నాడు. తనదేదో తప్పున్నట్టు, "మొన్ననే కారుకు ఫ్యాను బెల్టు తెమ్మని చెప్పినాడు. గుంతకల్లులో దొరికింది గూడా. బండ్లోనే ఉండాది" అన్నాడు.

ఆ బెల్టు తీసుకుని అదే బస్సెక్కాను. దారి పొడవునా అది నా ఒళ్లోనే ఉంది. పోయేముందు మనుషులు కొడుకునో కూతురునో తలుచుకుంటారు గానీ ఫ్యాను బెల్టును తలుచుకుంటారా? మా చిన్నాయన తలుచుకుంటాడు. ఏడుస్తూనే నవ్వు కూడా వచ్చింది నాకు. ఆయన గురించి నలుగురికీ చెప్పాలని అప్పుడే అనిపించింది.

ఆయన మా నాయనకు తమ్ముడు. మెట్ట చేను, ఒక జత ఎద్దులు, ఒక కారు, ఇదీ ఆయన ఆస్తి. చేనూ ఎద్దులూ మా ఊళ్లో అందరికీ ఉండేవే. కారు మాత్రం ఆయనొక్కడికే. దానికి పైన గుడ్డ కప్పు. వెనక్కి మడిచేస్తే లోపల కూర్చున్నవాళ్లు ఊరందరికీ కనిపించేవాళ్లు. అందుకే అది పెండ్లిండ్లకు బాగా పనికొచ్చింది. మా వైపు పెండ్లి ఊరేగింపును మెరవణి అంటాం. బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో ఆ రోజుల్లో పెండ్లయినవాళ్లు చాలామంది మా చిన్నాయన కారులో మెరవణి పోయినవాళ్లే. ముహూర్తం కుదరగానే వంటవాళ్లకూ మేళానికీ చెప్పినట్టే ఆయనకూ తాంబూలం పంపేవాళ్లు. ఆయన కూడా పెండ్లికొడుకు తండ్రి కంటే ఎక్కువ హడావుడి పడేవాడు.

ఆ కారు ఏ దేశంలో పుట్టిందో మాకు తెలియదు. ముందర ఉండాల్సిన పేరు బిళ్ల మా ఊరు చేరకముందే ఊడిపోయింది. పాత ఇనుమూ, చచ్చిన బండ్లూ కొని విప్పి అమ్మే చోటును మేము గుజిరీ అంటాం. గుంతకల్లు గుజిరీలో, ఇంజను సందులోంచి జిల్లేడు చెట్టు మొలిచి ఉండగా ఆయన దాన్ని మొదటిసారి చూశాడట. ఎవరో దొర వాడుకుని వదిలేసిన కారు. చిన్నాయన జిల్లేడు పీకి, ఎద్దులు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా మేనత్త, అంటే చిన్నాయనకు సొంత అక్క. "ఎద్దులు లాగేదానికి మనకు బండి లేదా? దీన్నేంటికి తెచ్చినావురా?" అని అడిగిందట. నేనప్పుడు చిన్నపిల్లను. నన్ను ఎత్తి ఆ చిరిగిన సీటు మీద కూర్చోబెట్టి, "నువ్వు పెద్దదానివైనాక నీ మెరవణి దీంట్లోనే పాపా" అన్నాడట. ఆ మాట ఆయన మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వలేదు.

విదేశాల నుంచి కార్లూ, వాటి సామాన్లూ రావడం ఆగిపోయిన కాలం అది. ఏది చెడినా మళ్లీ గుజిరీకే పోయి వెతుక్కోవాలి. ఆ కారుకు అన్నిటికంటే పెద్ద జబ్బు రేడియేటరు. మెరవణి కారు పరుగెత్తేది కాదు, పాకేది. మేళగాళ్లు అడుగు వేయడం, నిలబడి వాయించడం, మళ్లీ అడుగు వేయడం. కారు కూడా వాళ్ల వెనకాలే నిలబడాలి. ఇంజను వేడెక్కి లోపలి నీళ్లు కొన్ని మసిలి ఆవిరైపోయేవి, కొన్ని రేడియేటరు చిల్లుల్లోంచి కారిపోయేవి. ఒక వీధి దాటేలోపు కడవ నీళ్లు తాగేది. మా సీమలో అట్లాంటి కారును పెట్టుకోవడం ఏనుగును పెట్టుకున్నట్టే. అందుకని నీళ్లు కారని మంచి రేడియేటరు కోసం చిన్నాయన తిరగని గుజిరీ లేదు.

నేను అనంతపురంలో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు, సెలవులకు నన్ను ఇంటికి పిలుచుకుపోవడానికి ఆయనే వచ్చేవాడు. ఇంట్లో అందరూ ఆ ప్రేమకు మురిసిపోయేవాళ్లు. అసలు సంగతి నాకు తెలుసు. మా వైపుకు నేరుగా బస్సు ఉండగా, మేము రైలెక్కి గుంతకల్లు మీదుగా చుట్టు తిరిగి పోయేవాళ్లం.

"మన ఊరు ఆ పక్క గదా చిన్నాయనా, ఈ రైలేంటికి?" అని అడిగేదాన్ని.

"బస్సులో కుదుపు పాపా. నీ నడుము నొస్తుందని" అనేవాడు, ముఖం ఏ మాత్రం మారకుండా.

గుంతకల్లు గుజిరీ పెద్ద బయలు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలేసిన లారీలు, తలుపుల్లేని బస్సులు, లైట్లు పీకేసిన కార్లు ఎండలో కాగుతుండేవి. దాని యజమాని ఒక సాయిబు. యుద్ధంలో మిలిటరీ లారీ తోలి వచ్చినవాడు. ఆయనా చిన్నాయనా ఒకరినొకరు 'అన్నా' అనే పిలుచుకునేవాళ్లు. లోపలికి పోగానే సామాను అడగడం మర్యాద కాదని చిన్నాయన లెక్క. ముందు టీ తాగాలి, కొత్తగా వచ్చిన బండ్ల కథలు వినాలి. నన్ను ఒక డబ్బా మీద కూర్చోబెట్టేవాళ్లు. ఎండకు నేను మాడుతుంటే వాళ్లిద్దరూ కారు కారుకూ నిలబడి పరామర్శ చేసేవాళ్లు.

"ఇది యాడ తిరిగిన బండన్నా?"

"బళ్లారిలో ఒక డాక్టరుది. ముసలాయనకు కండ్లు కనపడక ఆపేసినాడు."

"అయ్యో పాపం."

ఆ డాక్టరు చుట్టమైనట్టు చిన్నాయన నాలుక చప్పరించేవాడు. తర్వాత ఆ కారు సీట్లో కూర్చుని, స్టీరింగు కాసేపు పట్టుకుని, దిగి అప్పుడు పానా తీసేవాడు. తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉండేది. "గుద్దుకోని సచ్చిందా, ముసిలిదై సచ్చిందా?" గుద్దుకున్న కారు నుంచి ఒక మర కూడా ముట్టేవాడు కాదు. అది పెండ్లి బండికి పనికిరాదట. "ఇనుముకేం తెలుస్తుంది చిన్నాయనా?" అని ఎగతాళి చేస్తే, "ఇనుముకు తెలీదులే. తోలేటోనికి నాకు తెలుస్తుంది గదా" అన్నాడు.

రేడియేటరు దొరికితే ఇక నా పని అయిపోయినట్టే. దాన్ని రెండు రాళ్ల మీద నిలబెట్టేవాడు. కింద నేలను అరచేత్తో చదును చేసి, పొడి దుమ్ము పలచగా పరిచేవాడు. భుజానికి తగిలించుకున్న సొరబుర్రలోంచి నీళ్లు పోసి, గొంతుక్కూర్చుని కింద దుమ్మును చూసేవాడు. "పైన ఎంత తళతళా మెరిస్తే ఏమి? కింద దుమ్ము చూడాల" అనేవాడు. కాసేపటికి దుమ్ములో పెసరగింజంత నల్లటి చుక్క కనిపిస్తే లేచి, ఆ నీళ్లను జాగ్రత్తగా సొరబుర్రలోకి వంచుకుని ఇంకో దాని దగ్గరికి నడిచేవాడు. ఒకసారి నాకు విసుగొచ్చి, "ఏమీ కార్లేదు గదా, పోదాం పా" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "ఇప్పుడే పోసినాము. దానికీ కొంచెం టైమియ్యాల" అన్నాడు. ఆ రోజు రైలు తప్పిపోయింది. చుక్క కూడా పడింది.

వెతికింది దొరకకపోయినా ఉత్త చేతులతో రావడం ఆయనకు చేతకాదు. అందుకే మా చిన్నమ్మ హెడ్‌లైటు చిప్పలో పెరుగు తోడు పెట్టేది. చక్రం మూతలో కోళ్లకు గింజలు చల్లేది. బుడిపె నొక్కితే మోగే హారను ఒకటి గూట్లో ఉండేది. చేనికి పోయిన చిన్నాయనను సంగటికి పిలవాలంటే ఆమె దాన్ని మోగించేది. "గుజిరీ వాళ్లింటికి పిల్లనిచ్చినారని మా అమ్మోళ్లకు తెలీదు పాపా" అని నాతో అంటూ, ఆ చిప్పను చింతపండు వేసి వెండి గిన్నెలా తోమేది.

నా పెండ్లి మేనత్త కొడుకుతోనే కుదిరింది. ఊరు మారేది లేదు, ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోవడమే. అయితే ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ చేలల్లోనే మాడిపోయింది. ఊళ్లో బావులన్నీ అడుగంటి, మా అత్తవాళ్ల పెరటి బావిలో మాత్రం నీళ్లు మిగిలాయి. అత్త ఆ బావి గట్టు మీదే మకాం పెట్టి, ఇంటింటికీ కొలిచి పోసేది. మాట కరుకు గానీ, ఎవరి కడవా ఉత్తగా పంపలేదు. అట్లాంటి రోజుల్లో చిన్నాయన పోయి మెరవణి మాట ఎత్తాడు.

"మనుషులకే కొలిచి పోస్తాండా. నీ కారుకు చెంబు నీళ్లు గూడా ఇయ్యను. ఎద్దుల బండి కట్టు" అంది అత్త.

"పాపకు మాటిచ్చినానక్కా."

"ఇచ్చుకో. నీళ్లు మాత్రం నా బావిలోటివి కాదు."

"సరే. నీ బావి నీళ్లు చుక్క గూడా ముట్టను. పాప నీ ఇంటికి నా కార్లోనే వస్తుంది. చూస్తాండు."

ఆ తర్వాత అక్కా తమ్ముడూ మాట్లాడుకోవడం మానేశారు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే కదా, ఎవరు తగ్గుతారు? కారు లేకపోతే నా పెండ్లి ఆగదు. కానీ ఇంతమంది పిల్లల్ని ఊరేగించిన మనిషి, సొంత ఇంటి పిల్లను ఎద్దుల బండిలో పంపితే ఇక ఆ కారు ముఖం చూడలేడని నాకు భయం వేసింది.

పెండ్లికి నన్ను పిలుచుకుపోవడానికి అనంతపురం వచ్చినప్పుడు కూడా మేము గుంతకల్లు మీదుగానే పోయాం. పెండ్లికూతుర్ని గుజిరీకి పిలుచుకుపోయిన మనిషి ఆయన తప్ప ఇంకొకరు ఉండరు. ఆ రోజు మాత్రం టీ రాకముందే అడిగేశాడు.

"అన్నా, బండి నీళ్లు తాగకుండా సేసే దారేమన్నా ఉండాదా?"

సాయిబు గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "యుద్ధంలో మేము ఎడారిలో తోలినాము గదన్నా. ఆడ ఇంతకంటే కరువు. మా లారీలకు రేడియేటరు పక్కన ఒక డబ్బా కట్టి ఉండ్రి. పైకి పొయ్యే ఆవిరి గొట్టంలో నుంచి డబ్బాలోకి పోయి మళ్లీ నీళ్లయ్యేది. ఇంజను సల్లబడితే ఆ నీళ్లే ఎనక్కి పీల్చుకుంటుంది" అన్నాడు.

"అట్లాటి డబ్బా నీ దగ్గర ఉండాదా?"

సాయిబు నా వైపు చూసి నవ్వాడు. "కొంచెం లెయ్ పాపా" అన్నాడు. ఇన్నాళ్లూ నేను టీ తాగుతూ, విసుక్కుంటూ కూర్చున్న డబ్బా అదే. చిన్నాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డను చూసినట్టు చూశాడు. సాయిబు దుడ్లు ముట్టలేదు. "ఇది పాపకు నా సదివింపు" అన్నాడు. నాకు వచ్చిన పెండ్లి చదివింపుల్లో మొదటిది ఆ తుప్పు డబ్బా.

డబ్బా బిగించడం అయింది. నీళ్లు మా బస్సు డ్రైవరు గుంతకల్లు కొళాయిలో పట్టి, డబ్బాలకెత్తి బస్సు మీద తెచ్చిపెట్టాడు. పెండ్లయిన సాయంత్రం మెరవణి బయల్దేరింది. కారుకు కనకాంబరాల దండలు, పక్కన కొత్త పెండ్లికొడుకు, ముందర మేళం. మా అత్తవాళ్లు పెట్టిన కొత్త కండువ వేసుకుని చిన్నాయన వెన్ను నిటారుగా పెట్టి తోలుతున్నాడు. ఆవిరి బయటికి రావడం లేదు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, "సూస్తివా పాపా?" అని కళ్లెగరేసేవాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

అత్తవాళ్ల వీధిలోకి తిరిగాం. ఆమె వాకిట్లో ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడి ఉండడం కూడా కనిపించింది. అప్పుడే ఇంజను ముందర బుస్సుమని చప్పుడైంది. రబ్బరు గొట్టం ఊడి, సలసల కాగే నీళ్లన్నీ వీధి పాలయ్యాయి. కారు నిలిచిపోయింది. మేళం ఆగింది. పెండ్లిబండి దారిలో ఆగడం మంచిది కాదని ఎవరో గొణిగారు. ఒకామె కడవ ఎత్తుకుని అత్తవాళ్ల పెరటి వైపు పరుగెత్తబోయింది.

"వద్దమ్మా. ఆ బావి నీళ్లు ముట్టనని చెప్పినా" అని చిన్నాయన ఆపాడు.

"నేను దిగి నడుస్తా చిన్నాయనా. రెండు అడుగులే గదా" అన్నాను.

"కూకో పాపా" అన్నాడు. గొట్టాన్ని మళ్లీ తగిలించి, బానెట్టు మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

అత్త పళ్లెం పట్టుకునే నడిచి వచ్చింది. మా ఇద్దరికీ అక్కడే దిష్టి తీసింది. తీసి తమ్ముడి దగ్గరికి పోయి, "ఇంజను సల్లబడిందా? మూత తియ్" అంది.

"ఏంటికక్కా?"

"దిష్టి నీళ్లు యాడో ఒక చోట పారబొయ్యాల్సిందే గదా. ఈడే పోస్తా. ఇవి బావి నీళ్లు కాదులే, పారబోసేటివి."

ఆయన కండువతో పట్టుకుని మెల్లగా మూత తిప్పాడు. పసుపూ సున్నమూ కలిపిన ఆ ఎర్రనీళ్లు కారు గొంతులోకి దిగాయి. పళ్లెం నీళ్లు ఏ మూలకు? అత్త వంటల పందిరి వైపు తిరిగి కేకేసింది. "బియ్యం కడిగిన నీళ్లు గోలెంలో ఉండాయి, తెండమ్మే! పప్పు కడిగినవి గూడా తెండి. ఎట్లా ఎనుములు తాగేటివే గదా, ఈ పొద్దు ఈ ఎనుముకు పోస్తాం." వీధిలో ఆడవాళ్లంతా నవ్వుకుంటూ తలా ఒక చెంబుతో వచ్చారు. చిన్నాయన కొత్త కండువను రేడియేటరు మూతికి అడ్డం పెట్టి, తెల్లటి ఆ కడుగునీళ్లను వడగట్టి పోయించుకున్నాడు. మాట తప్పలేదు, కారు కదిలింది. అత్త వాకిలి చేరేసరికి ఇంజనులోంచి కమ్మటి గంజి వాసన వచ్చింది.

"ఇన్నాళ్లకు నీ బండి మన ఇంటి కూడు తినిందిరా" అంది అత్త. చిన్నాయన అక్క కాళ్లకు మొక్కబోయి, చేతిలో గంజి కండువ ఉందని గుర్తొచ్చి నవ్వేశాడు.

ఆ గంజి రేడియేటరు లోపల పట్టుకుపోయి, అది ఇక దేనికీ పనికిరాకుండా పోయింది. పసుపు బట్టలైనా మార్చకుండా నేను దాని దగ్గర కూర్చుని బాధపడుతుంటే, ఆయన గుంతకల్లుకు సంచి సర్దుకుంటున్నాడు. "ఇంగ కొత్తది ఎతకాల్సిందే పాపా" అన్నాడు. గొంతులో బాధ వెతికినా దొరకలేదు.

ఆ తర్వాత ఎన్ని రేడియేటర్లు మార్చాడో. అన్నీ ఏదో ఒక రోజు కారేవి. సబ్బు పూసి, సీసం కరిగించి అతికి, పెండ్లిళ్లు నెట్టుకొచ్చేవాడు. దారిలో మా బడి దగ్గర దిగి, పిల్లల ముందరే నాకు రేడియేటరు కబుర్లు చెప్పేవాడు. ఈ మధ్య ఆయాసం ఎక్కువై ఇల్లు కదలలేకపోయాడు. సాయిబు ఒక రేడియేటరు బస్సు మీద పంపించాడట, ముసిలిదై ఆగిపోయిన కారుదేనని కబురు కూడా చెప్పి. కూర్చుని లేస్తూ చిన్నాయన దాన్ని బిగించుకున్నాడు. ఈ ఏడు కూడా బావులు లోతుకు పోయాయి. "వాన పడనీ, నింపి చూద్దాం" అన్నాడట. పరీక్ష చేయకుండా ఆయన బిగించిన సామాను అదొక్కటే.

నేను పోయేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. పక్కనే పందిరి కింద కారు. చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను బెల్టు చూపిస్తే ఇంకా ఏడ్చింది. కాసేపటికి మా అత్త తన బావి నుంచి బిందె నీళ్లు చంకన పెట్టుకుని వచ్చింది. నడుము వంగిపోయినా ఎవరినీ పట్టుకోనివ్వలేదు. తమ్ముడి స్నానానికేమో అనుకుని అందరూ దారి ఇచ్చారు. ఆమె వసారా దాటి నేరుగా కారు దగ్గరికి పోయింది. మూత తీసి, బిందెలో చెంబు ముంచి పోసింది. మళ్లీ ముంచి పోసింది. నీళ్లు మూతి దాకా వచ్చాక, వంగి కారు కింద దుమ్మును అరచేత్తో చదును చేసి కూర్చుంది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

పొద్దు పోతోందని, ఇక ఎత్తాలని మగవాళ్లు వచ్చి నిలబడ్డారు. అత్త కళ్లు తుడుచుకుని, "ఏమీ కార్లేదు గదమ్మే, లేద్దామా?" అని అడిగింది.

"ఇప్పుడే పోసినాం గదత్తా" అన్నాను. "దానికీ కొంచెం టైమియ్యాల."

ఎవరూ మమ్మల్ని తొందర పెట్టలేదు. ఇద్దరం వంగి చూస్తూ కూర్చున్నాం. దుమ్ము మీద అత్త అరచేతి గీతలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి, ఒక్క చుక్క పడలేదు.